తాళం వెయ్యని పని

పాత కంప్యూటరు పెట్టె మూత తీసినప్పుడు ఒక వాసన వస్తుంది. ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము, వేడెక్కి చల్లారిన ప్లాస్టిక్కు, ఎక్కడో కాస్త తుప్పు, అన్నీ కలిసిన వాసన. పోయిన వారం ధర్మవరంలో మాకు తెలిసిన ఒకాయన తన పాత కంప్యూటరును ఆటోలో వేసుకొచ్చి, బాగు చెయ్యమని మా గుమ్మంలో దించాడు. స్క్రూలు విప్పి మూత పక్కకు జరపగానే ఆ వాసన ముక్కుకు తగిలింది. స్క్రూడ్రైవరు చేతిలో అలాగే పట్టుకుని కాసేపు కూర్చుండిపోయాను. ఆయన కంగారుపడి, "ఏమ్మా, పోయినట్లేనా?" అని అడిగాడు. "లేదన్నా, చూస్తాండా" అన్నాను. నా కళ్ళకు మాత్రం హిందూపురంలో మా కాలేజీ మేడ మీద రేకుల కప్పు కింద ఉండే గది కనబడుతోంది. ఆ గదిలో కొంగు నడుముకు దోపుకుని, నేల మీద కూర్చుని, ఇలాంటిదే ఒక పెట్టె మూత తీస్తున్న సరోజ మేడం కనబడుతున్నారు.

సరోజ మేడం పేరు బయట ఎవరికీ తెలియదు. ఆమె ఫోటో ఏ పేపర్లోనూ రాలేదు. హిందూపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పేవారు. పెనుకొండలో కొండ కిందుగా ఉన్న వీధిలో, చిన్న అద్దె ఇంట్లో తల్లితో ఉండేవారు. సొంత ఊరు రొద్దం దగ్గర ఒక మెట్ట పల్లె. తండ్రి అక్కడి బడిలో టీచరు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది కూడా ఆయనే. మేడం బాగా చదువుకుని, బెంగళూరులో ఒక కంపెనీలో చాలా ఏళ్ళు ప్రోగ్రాములు రాసి, మంచి జీతం వదులుకుని వెనక్కి వచ్చేశారు. తల్లికి ఒంట్లో బాగాలేక వచ్చారని అందరూ అనుకునేవారు. అది సగమే నిజం. మిగతా సగం నాకు ఒకసారి రైల్లో చెప్పారు.

"నేను రాసిందంతా ఆడనే ఇడిచిపెట్టి వచ్చినా పాపా. మరుసటి దినం నుంచి ఒక్క లైను గూడా చూసుకొనేదానికి ల్యాదు. నా చేత్తో రాసింది నాకే చూపియ్యరు. దాంట్లో ఒక తప్పు ఉండాదని నాకు తెలుసు. యాడ ఉండాదో గూడా తెలుసు. ఫోన్ చేసి చెప్తే, మీరు ఇప్పుడు మా మనిషి కాదు కదా అనిరి."

ఆ మాట చెప్పి కిటికీలోంచి బయటికి చూశారు. అంతకుమించి ఆమె తన గురించి మాట్లాడడం నేను ఎక్కువ వినలేదు. కానీ ఆ తరువాత ఆమె చేసిన పనంతా ఆ ఫోను మాటకు జవాబేనని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

ఆమె నమ్మకం చెప్పడానికి సులువైనదే. ప్రోగ్రాం రాసినవాళ్ళు దాని లోపలి రాతను దాచకుండా అందరికీ చూపాలి. ఎవరైనా చదువుకోవచ్చు, తమకు కావలసినట్లు మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఆమె పెట్టే షరతు ఒక్కటే: మార్చినవాళ్ళు తమ మార్పును కూడా అలాగే తెరిచి పెట్టాలి. దీన్ని ఓపెన్ సోర్స్ అంటారు. ప్రపంచంలో ఎందరో దీని గురించి గొప్పగా మాట్లాడారు, మాట్లాడుతున్నారు. హిందూపురంలో మాట్లాడింది మాత్రం మేడం ఒక్కరే. వినేవాళ్ళం మేము; మాలో చాలామందికి అది సిలబస్‌లో ఉందా లేదా అన్నదే సందేహం.

మా గదిలోని కంప్యూటర్లు బెంగళూరు ఆఫీసుల వాళ్ళు వద్దని పారేసినవి. ఆమె సెలవు రోజుల్లో వెళ్ళి, అడిగి, విడిభాగాలుగా సంచుల్లో పెట్టుకుని రైల్లో తెచ్చేవారు. మొదటి క్లాసులో బోర్డు మీద ఏమీ రాయలేదు. ఒక పెట్టె మూత తీసి, మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టారు.

"ముట్టుకోండప్పా. కరెంటు తీసేసినా. ఇది మిమ్మల్నేం చెయ్యదు."

నా పక్కనున్న అమ్మాయి చెయ్యి వెనక్కి లాక్కుంటూ, "చెడిపోతే మేడం?" అంది.

"చెడిపోతే మళ్ళా బాగు చేద్దాం. కాలేదనుకో, యాడ చెడిపోయిందో అన్నా తెలుస్తాది కదా."

అంతకు ముందు ఎవరూ మాతో అలా అనలేదు. మా ఇళ్ళలో ఖరీదైన వస్తువు ఏదైనా సరే, దూరం నుంచి చూడవలసిందే. మా నాయన మగ్గం మీద చీర నేస్తున్నప్పుడు నన్ను దగ్గరికి రానిచ్చేవాడు కాదు, జరీకి చేతి చెమట తగులుతుందని. మేడం చెప్పినట్టు పెట్టె లోపలి పచ్చటి పలకను వేలితో ముట్టుకున్నాను. చల్లగా ఉంది. అంతే. కానీ ఆ సాయంత్రం హాస్టలుకు నడుస్తూ, వీధిలో కనిపించిన ప్రతి కరెంటు పెట్టె మూత వెనకాల ఏముందోనని చూస్తూ పోయాను.

అయితే ఆమె పాఠం అందరికీ నచ్చేది కాదు. గోరంట్లలో చిన్న కొట్టు నడుపుకునేవాళ్ళ అబ్బాయి ఒకడు మా క్లాసులో తెలివైనవాడు. ఒకరోజు నిలబడి, "మేడం, ఇది నేర్చుకుంటే బెంగళూరులో ఉద్యోగం వస్తాదా?" అని నేరుగా అడిగాడు.

మేడం చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టారు. "తెలీదప్పా. వస్తాదని నీకు అబద్ధం చెప్పలేను" అన్నారు.

ఆ తరువాతి నెలల్లో ఆ అబ్బాయితో పాటు సగం మంది బజారులోని కోచింగ్ సెంటరుకు మళ్ళారు. అక్కడ ఉద్యోగం వస్తుందని గోడ మీదే రాసి ఉండేది. మేడం వాళ్ళను తప్పు పట్టలేదు. "వాళ్ళ ఇంట్లో వాళ్ళు ఎదురు చూస్తాంటారు. నా మాదిరి తిరిగొచ్చేదానికి వాళ్ళు ఇంకా పోనే లేదు కదా" అన్నారు. ఖాళీ అయిన కుర్చీలను గోడకు జరిపి, మిగిలిన వాళ్ళకు పాఠం చెప్పారు.

శనివారాలు నేను ధర్మవరానికి ఇంటికి పోయేదాన్ని. మేడం రోజూ పెనుకొండ నుంచి వచ్చిపోయేవారు కాబట్టి పెనుకొండ దాకా ఇద్దరం ఒకే ప్యాసింజరులో. నేను ఆమె దగ్గర నేర్చుకున్నది కాలేజీలో కన్నా ఆ రైల్లో ఎక్కువ. అప్పట్లో ఆమె కంప్యూటరు తెర మీద కనిపించే మాటలన్నిటినీ తెలుగులోకి మారుస్తున్నారు. దేశంలో ఎక్కడెక్కడో ఉన్న కొంతమంది కలిసి ఇంటర్నెట్లో చేసే పని అది. ఎవరూ ఎవరికీ జీతం ఇవ్వరు. ఒక శనివారం మా ఎదురు సీటులో గొర్రెల సంత నుంచి వస్తున్న అవ్వ ఒకామె కూర్చుంది. కొంగున తమలపాకులు, పక్కన ఖాళీ గోనెసంచి. మేడం ముందుకు వంగారు.

"అవ్వా, ఒక మాట అడుగుతా, చెప్తావా? ఏదన్నా వస్తువు పోకుండా ఒక తావున పెట్టుకుంటే దాన్నేమంటావు?"

అవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. "ఏమంటాము? దాసిపెట్టినామంటాము."

"భద్రపరిచినామని అనవా?"

"అట్ల సర్కారోళ్ళు అంటారేమో. ఏంటికమ్మా, ఏమన్నా పోగొట్టుకుంటివా?"

మేడం గట్టిగా నవ్వడం నేను చూసిన కొద్ది సందర్భాల్లో అదొకటి. ఆ రోజే ఇంగ్లీషు 'సేవ్'కు 'దాచు' అన్న మాటను పంపించారు. కానీ ఆ పని చేసే మిగతావాళ్ళు అది పల్లెటూరి మాటలా ఉందన్నారు. వారాల తరబడి వాదన నడిచింది. నేను ప్రతి శనివారం ఏమైందని అడిగేదాన్ని. చివరికి ఒకరోజు, "వాళ్ళు ఎక్కువ మంది ఉండారు పాపా. పోనీలే, భద్రపరచు అనే ఉండనీ. ఇంకా మాటలు చానా ఉండాయి" అన్నారు. ఆమె గొంతులో అలసట మొదటిసారి నాకు అప్పుడే వినబడింది. ధైర్యం చెబుదామనుకుని, "ఎంతమంది వాడతాండారు మేడం, ఈ తెలుగుది?" అని అడిగాను.

"నీవు వాడతాండావు కదా."

"నేను ఇంగ్లీషులోనే పెట్టుకున్నా మేడం."

రైలు పెనుకొండ చేరింది. సంచి భుజాన వేసుకుని దిగబోతూ వెనక్కి తిరిగి, "పెట్టుకో. ఏది కావాలో నీవు ఎంచుకొనేదానికి ఉండాలనే కదా ఇదంతా" అని, జనంలో కలిసిపోయారు.

నా చివరి ఏడాదిలో కాలేజీకి ఒక పెద్ద కంపెనీ కొత్త కంప్యూటర్లు ఊరికే ఇస్తామని ముందుకొచ్చింది. వాళ్ళ ప్రోగ్రాములే వాడాలి, వాళ్ళ పాఠాలే చెప్పాలి, ఇంకేదీ ఎక్కించకూడదు. మా ప్రిన్సిపాల్ మంచివాడే. మేడంను పిలిచి మాట్లాడినప్పుడు నేను ఏదో సంతకం కోసం వెళ్ళి గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"సరోజమ్మా, వాళ్ళు ఊరికే ఇస్తాండారు. మన పిల్లోల్లు రేకుల కింద చెమటలు కార్చుకుంటా పాత డబ్బాల మీద నేర్చుకోవల్లనా?"

"ఊరికే ఇచ్చేదానికి తాళం ఎందుకు సార్?"

"తాళం ఉంటే మనకేం? తెరిచి చూడాల్సిన పని మనకు లేదు కదమ్మా."

మేడం నన్ను దాటుకుని క్లాసుకు వెళ్ళిపోయారు. చెప్పగలిగిన మాటలన్నీ అంతకు ముందే చాలాసార్లు చెప్పి ఉన్నారు. కొత్త గదికి ఏసీ బిగించారు, నేలకు నున్నటి బండలు పరిచారు. మా కింది తరగతులవాళ్ళు అక్కడ కూర్చున్నారు. పై ఏడాది ఆమెను కాలేజీ రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. టైంటేబుల్లో పేరు లేదు, అంతే. రేకుల గదిలోని కంప్యూటర్లను పాత సామాన్ల గుజరీకి వేయబోతుంటే ఆమె ట్రాలీ ఆటో మాట్లాడుకుని పెనుకొండకు తెచ్చుకున్నారు. ముందు గది నిండా అవే. వాళ్ళమ్మ మంచం వంటింటి పక్కకు జరిగింది. ఆ పెద్దావిడ నాతో, "నా బిడ్డ సంసారం చేసుకోలేదని అందరూ అంటారు. చూడు, ఇంటి నిండా ఎంతమందో" అంది. అందులో కోపం ఉందో, తమాషా ఉందో నాకు తెలియలేదు.

పెనుకొండలో పిల్లలకు సాయంత్రాలు పాఠాలు చెబుతూ, బెంగళూరు నుంచి వచ్చే చిన్న చిన్న పనులు చేసుకుంటూ ఆమె బతికారు. నేను డిగ్రీ అయ్యాక ధర్మవరంలో మల్లికార్జున అనే ఆయన దగ్గర పనికి చేరాను. ఆయనది చీరల డిజైన్ల దుకాణం. చీర అంచులో ఏ పోగు లేవాలో, ఏ పోగు దిగాలో మగ్గానికి చెప్పేది డిజైను. వెనకటికి దాన్ని గళ్ళ కాగితం మీద గీసి, అట్టలకు చిల్లులు కొట్టి మగ్గానికి తగిలించేవారు. ఇప్పుడు కంప్యూటరులో గీస్తారు. మా వీధి మగ్గాల డిజైన్లన్నీ ఆ దుకాణంలోని ఒకే ప్రోగ్రాంలో ఉండేవి. ఆ ప్రోగ్రాం తెరుచుకోవాలంటే వేలెడంత ముక్క ఒకటి కంప్యూటరుకు గుచ్చి ఉండాలి. దాన్ని అందరూ లాకు అనేవారు. ఒక వానాకాలం పిడుగు పడి, కరెంటు ఎగదన్ని, ఆ లాకు మాడిపోయింది. అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే నంబరు పనిచేయలేదు. ఆ కంపెనీ మూతపడి చాలా కాలమైందని తరువాత తెలిసింది.

డిజైన్లు కంప్యూటరులోనే ఉన్నాయి. వాటి పేర్లు కనబడుతున్నాయి. ఒక్కటీ తెరుచుకోదు. వాటిలో మా నాయన గీసిన మామిడి పిందెల అంచు ఒకటి. ఆయన జీవితంలో సొంతంగా గీసిన డిజైన్లు చాలా తక్కువ. అది ఆయనకు ఇష్టమైనది, మా ఇల్లు నడిచింది కూడా దాని మీదే. అప్పటికే ఆయన కళ్ళు మసకబారాయి. మళ్ళీ గీయలేడు. రాత్రి అన్నం ముందు కూర్చుని, "ఉండాది అంటావు, చూపియ్యలేవు అంటావు. అదెట్లమ్మా?" అని అడిగాడు. మరుసటి రోజు పెనుకొండకు బస్సెక్కాను.

మేడం అంతా విన్నారు. "ఆ డిజైను నేసిన చీర ఏదన్నా ఉండాదా ఇంట్లో?" అని అడిగారు. అమ్మ పెట్టెలో ఒకటి ఉంది, నాయన మొదటిసారి నేసి అమ్మకు ఇచ్చింది. దాని కోసం మేడం మా ఇంటికే వచ్చి కూర్చున్నారు. చీరను బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి నేను వరస వరసగా పోగులు చెబుతుంటే, ఆమె దుకాణం నుంచి తెచ్చిన ఆ ఫైలులో బొమ్మకు బదులు కనబడే అంకెలతో సరిపోల్చుకుంటూ పోయారు. గుడ్డ మీద ఇలా ఉందంటే ఫైలులో ఈ అంకె దానిదే అయ్యుండాలి. అలా ఒక్కొక్క అంకెకు అర్థం తెలుసుకోవాలి. చాలా రోజులు పట్టింది. నా మెడ పట్టేసేది, మేడం కాళ్ళు వాచేవి. ఆ వాపు సంగతి అప్పుడు మేమెవరమూ పట్టించుకోలేదు. అమ్మ మాటిమాటికీ వచ్చి చీర నలుగుతుందేమోనని చూసిపోయేది.

ఒక మధ్యాహ్నం తెర మీద అంచు వచ్చింది. నాయనను పిలిచాం. ఆయన ముక్కు తెరకు ఆనేంత దగ్గరికి వచ్చి, చాలాసేపు చూశాడు.

"తలకిందులుగా ఉండాది" అన్నాడు.

మేడం ఒక చోట ఏదో మార్చారు. పిందెలు సరిగ్గా నిలబడ్డాయి. నాయన తెర మీద అంచు వెంబడి వేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు తీసుకుపోయాడు. తరువాత లోపలికి వెళ్ళి, మేడంకు మజ్జిగ తెమ్మని అమ్మకు చెప్పాడు.

ఆ పనిని ఆమె ఒక ప్రోగ్రాంగా కుదిర్చి, తెలుగు మాటలు పెట్టి, అందరికీ ఇచ్చేశారు. ఈసారి అందులో 'దాచు' అనే ఉంది. కదిరి నుంచి, ఇంకా దూరపు ఊళ్ళ నుంచి నేతవాళ్ళు వచ్చి పెన్‌డ్రైవుల్లో ఎక్కించుకుపోయారు. కొన్నాళ్ళు మేడం ముఖంలో వెలుగు చూశాను. ఆమె మెట్లు ఎక్కలేకపోతున్న సంగతిని కూడా ఆ వెలుగు కప్పేసింది.

ఏడాది తిరగకముందే మల్లికార్జున ఒక మనిషిని పెట్టుకుని, ఆ ప్రోగ్రాంకే రంగులు మార్చి, తన పేరు పెట్టి, కొత్త లాకు తగిలించి బయట ఊళ్ళలో అమ్మడం మొదలుపెట్టాడు. ఆ మనిషి కొత్తగా చేర్చిన మంచి సౌకర్యాలన్నీ అందులోనే ఉన్నాయి. లోపలి రాత ఎవరికీ చూపడు. నాకు తెలిసిన రోజే ఆయన దగ్గర పని మానేశాను. మేడంకు చెబితే, పద పోదామని వచ్చారు. ఆయన మమ్మల్ని మర్యాదగానే కూర్చోబెట్టి, కాఫీ తెప్పించాడు.

"మీరు ఊరికే ఇచ్చినారు కదమ్మా" అన్నాడు.

"ఇచ్చినాను. మీరు అమ్ముకున్నా నాకేం బాధ లేదప్పా. మూసిపెట్టవద్దని ఒక్క మాట రాసి ఇచ్చినా. ఆ ఒక్కటీ చెయ్యండి."

"నేను దుడ్లు పెట్టి మనిషిని పెట్టుకున్నా. అది అందరికీ చూపిస్తే నాకేం మిగులుతాది?"

"మిగిలేది మిగులుతాది. మీ దుకాణానికి వచ్చేది మిమ్మల్ని చూసి, లాకును చూసి కాదు."

ఆయన నవ్వి, వేరే మాటల్లోకి దిగాడు. మేడం కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, లేచారు. రైల్వే స్టేషన్లో బల్ల మీద కూర్చున్నాక నేను పోలీసులని, లాయరని, కోర్టని ఏదేదో అన్నాను. ఆమె చెప్పులు వదిలేసి, వాచిన పాదాలను చూసుకుంటున్నారు.

"అలసిపోయినా పాపా" అన్నారు. "కోపం రావాలంటే గూడా ఓపిక కావల్ల."

ఆ చలికాలంలో ఆమె మూత్రపిండాలు చెడిపోయాయని తేలింది. వారానికి రెండుసార్లు ఆసుపత్రిలో మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవడానికి వెళ్ళాలి. తల్లి అప్పటికి లేదు. తమ్ముడు ప్రకాశం రొద్దం నుంచి వచ్చి తీసుకెళ్ళేవాడు, కుదరనప్పుడు నేను వెళ్ళేదాన్ని. ఒకసారి ఆ మిషను మధ్యలో ఆగిపోయింది. అక్కడి అబ్బాయి చాలాసేపు మీటలు నొక్కి చూసి, కంపెనీ మనిషి రావలసిందే, మేం తెరవకూడదు అని చెప్పి, ఆమెను వేరే మంచానికి మార్చాడు. తెర మీద ఏదో ఇంగ్లీషు మాట ఆరుతూ వెలుగుతూ ఉంది. నేను మేడం వైపు చూశాను. ఎన్నో ఏళ్ళుగా ఆమె చెబుతున్న మాట అది. చెప్పినట్టే అయింది చూడు అని ఆమె అనొచ్చు. అనలేదు. కళ్ళు మూసుకుని, "ఆ పిల్లోన్ని ఏమీ అనొద్దు. వాడేం చేస్తాడు పాపం" అన్నారు.

మరుసటి పెళ్ళిళ్ళ సీజను మొదట్లో ఒక ఉదయం మల్లికార్జున పెనుకొండ ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. ఆయన పెట్టుకున్న మనిషి మాట పట్టింపు వచ్చి వెళ్ళిపోయాడు, ఫోను ఎత్తడం లేదు. కొత్త లాకు పనిచేయడం మానేసింది. దుకాణంలోని డిజైన్లు, ఆయన దగ్గర కొన్నవాళ్ళ డిజైన్లు, అన్నీ మూసుకుపోయాయి. ఆయన గుమ్మం లోపలికి రాకుండా నిలబడే చెప్పాడు. చెప్పడం అయ్యాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు జేబులో పెట్టి తీశాడు.

మేడం మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నారు. "వాణీ, చూడు" అని నాకు చెప్పారు.

నేను కదల్లేదు. ఆయనను బయట అరుగు మీద కూర్చోమని, తలుపు దగ్గరికి వేశాను. "మన పని ఎత్తుకొని పోయినాడు మేడం. మీరు అడిగితే నవ్వినాడు. ఇప్పుడు చెయ్యల్లనా మనం?"

"డిజైన్లు ఆయప్పవి కాదు కదా."

"వచ్చింది ఆయనే కదా. క్షమించమని ఒక మాటన్నా అనలేదు."

"అంటే ఏం చేస్తావు దాన్ని?" అని కాస్త ఆగారు. ఊపిరి అందడం కష్టంగా ఉంది. "మగ్గాలు నిలబడిపోయినాయి పాపా. మీ నాయన అడిగినట్లే ఎవరో ఒకరు అన్నం ముందర కూర్చొని అడుగుతాంటారు. ముందు తెరువు. తర్వాత నీ ఇష్టం, తిట్టుకో."

తెరిచాను. మంచం పక్కన కింద కూర్చుని ఆ పూట, మరుసటి పూట పనిచేశాను. ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ఆమె కళ్ళు తెరవకుండానే దారి చెప్పారు. లాకు ఊడిపోయింది. పెన్‌డ్రైవు తీసుకున్నప్పుడు మల్లికార్జున మేడం వైపు తల వంచి వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఆయన మళ్ళీ లాకు పెట్టలేదు. బుద్ధి వచ్చి పెట్టలేదో, పెట్టే మనిషి దొరక్క పెట్టలేదో నాకు తెలియదు. మేడంను అడిగితే, "ఏదైతే ఏం" అన్నారు.

ఆమె ఎండలు ముదరకముందే పోయారు. రొద్దం దగ్గరి ఆ పల్లెలో, తండ్రి పక్కన పూడ్చారు. వచ్చినవాళ్ళు తక్కువ. మా క్లాసు వాళ్ళు కొందరు, ధర్మవరం నుంచి నేతవాళ్ళు కొందరు. మల్లికార్జున కూడా వచ్చి, చెట్టు నీడన దూరంగా నిలబడ్డాడు. మా నాయన నా భుజం పట్టుకుని నడిచి వచ్చి, పిడికెడు మన్ను వేశాడు. పాస్టరు గారు ఆమె మంచి కూతురు, మంచి అక్క, మంచి టీచరు అని చెప్పారు. ఓపెన్ సోర్స్ అన్న మాట ఎవరూ అనలేదు. నేనైనా అని ఉండాల్సింది అనిపించింది గానీ, ఆ ఎండలో, ఆ మనుషుల మధ్య, దాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఇప్పుడు ఇది రాస్తున్నది అందుకే.

నెల తిరిగాక ప్రకాశం మా ఇంటికి వచ్చి, మేడం ఫోను నా చేతిలో పెట్టాడు. ప్రోగ్రాం తెరవగానే అడుగున ఆమె నంబరు కనబడుతుంది, ఏదైనా ఇబ్బంది ఉంటే అడగమని. "దినామూ ఎవరో ఒకరు చేస్తాండారు వాణీ. ఏం చెప్పల్లనో నాకు తెలీదు. నువ్వే పెట్టుకో" అన్నాడు.

పెట్టుకున్నాను. మొదట్లో, "మేడం పోయినారన్నా" అని చెప్పేదాన్ని. అవతలివాళ్ళు, "అయ్యో, ఎప్పుడు" అనేవారు. తరువాత మెల్లగా, సిగ్గుపడుతూ, "అయితే మా డిజైను ఎట్లమ్మా?" అనేవారు. వాళ్ళ తప్పు లేదు. కానీ ప్రతిసారీ ఆమె చావు మళ్ళీ చెప్పి, మళ్ళీ వాళ్ళ ఇబ్బంది వినడం నా వల్ల కాలేదు. కొన్నిసార్లు ఫోను మోగుతుంటే పక్క గదిలోకి వెళ్ళి కూర్చునేదాన్ని. ఎవరూ జీతం ఇవ్వని, ఎవరూ పేరు అడగని పని ఒకటి జీవితాంతం మోయడం ఎంత బరువో అప్పుడు తెలిసింది. ఆమె మోసినన్నాళ్ళూ నేను పక్కనే ఉన్నాను, నాకు తెలియలేదు.

నిన్న అన్నం తింటుంటే మోగింది. ఎవరో ఆడమనిషి, కన్నడం కలిసిన తెలుగు, మడకశిర వైపు మాట. వెనకాల పసిబిడ్డ ఏడుపు.

"సరోజ మేడం అవరా మాట్లాడేది?"

ఎడమ చేత్తో ఫోనును చెవికి ఆనించుకుని, కుడి చెయ్యి కడుక్కున్నాను.

"చెప్పమ్మా" అన్నాను. "తెర మీద ఏం కనబడతాంది? మొదట్నుంచి చెప్పు."